ఎవరికైనా అతికే ‘నా మాట’

తెలుగులో కొత్తగా వచ్చిన ఏ కవితా సంపుటినైనా తెరవండి. మొదటి కవిత దగ్గరికి చేరేలోపు పెద్ద ఊరేగింపే దాటాలి. పేరున్న పెద్దాయన ముందుమాట, విశ్వవిద్యాలయ ఆచార్యుడి పరిచయం, సాటి కవి ఆత్మీయ వాక్యం, వాటి వెనకాల రచయిత ‘నా మాట’. మొదటి మూడింటి మంచిచెడ్డలు రాసినవాళ్లకే వదిలేద్దాం. చివరిది మాత్రం రచయిత తన పని గురించి తానే చెప్పుకునే చోటు. అక్కడ అమ్మ చెప్పిన కథలుంటాయి, పుట్టిన పల్లె ఉంటుంది, హైస్కూల్లో తెలుగు మాస్టారుంటారు, మొదటి కవిత అచ్చేసిన పత్రిక ఉంటుంది, చుట్టూ ఉన్న అసమానతలు చూసి కలిగిన వేదన ఉంటుంది. చివర్లో డీటీపీ చేసినవారికీ ముఖచిత్రం గీసినవారికీ ఇంట్లోవాళ్లకూ కృతజ్ఞతలుంటాయి. ఏదీ అబద్ధం కాదు. అయితే నాలుగైదు పేజీలు చదివాక కూడా ఒక ప్రశ్నకు జవాబు దొరకదు: ఈ పుస్తకంలో ఈ మనిషి ఏం చేశాడు, పోయిన పుస్తకంలో చేయనిదేమిటి? చిత్రకళా ప్రదర్శనల క్యాటలాగుల్లో, ఫెలోషిప్ దరఖాస్తుల్లో, అమెరికాలో రచనా కోర్సులకు మన పిల్లలు పంపుకునే ఉద్దేశ ప్రకటనల్లో (ఎస్‌ఓపీల్లో) ఇదే వరస. చోటు మారుతుంది, పేజీల లెక్క మారుతుంది, ఆ ఖాళీ మాత్రం అలాగే ఉంటుంది.

ఇలాంటి మాట పొట్టిగా ఉండాలని అడిగితే అందరూ ఒప్పుకుంటారు. ఎందుకంటే మాత్రం చదివేవాళ్లకు తీరిక లేదనో, ఫారంలో రెండు వందల పదాలకే చోటిచ్చారనో చెబుతారు. అవి బయటి కారణాలు. అసలు కారణం లోపల ఉంది. తన పని గురించి రాసుకున్నదాన్ని కుదించేటప్పుడే ఆ పని ఏమిటో రచయితకు తేలుతుంది. ఐదు పేజీలు రాసినంతసేపూ ఏదీ వదులుకోనక్కర్లేదు, కనుక ఏదీ ఎంచుకోనక్కర్లేదు. ఒక పేజీకి దించమన్నప్పుడు బాల్యమా, గురువా, సిద్ధాంతమా, ఈ పుస్తకంలో చేసిన పనా అన్న తగువు మొదలవుతుంది. ఆ తగువు తీర్చడానికి ఒక మోటు పరీక్ష చాలు. వాక్యంలో మీ పేరు తీసేసి మీ తరంలోని మరో రచయిత పేరు పెట్టి చూడండి. వాక్యం చెక్కుచెదరకుండా నిలబడితే అది మీ వాక్యం కాదు, కొట్టేయండి. ‘సామాజిక స్పృహతో రాస్తాను’, ‘మనిషితనం కోసం తపిస్తాను’ వంటివి ఈ పరీక్షలో మొదటి దెబ్బకే పోతాయి. సామాజిక స్పృహ లేకుండా రాస్తానని ఇంతవరకు ఎవరైనా అచ్చులో ప్రకటించారా?

ఈ మాటకు ఆధారం మన దగ్గరే ఉంది, అదీ అందరికీ తెలిసిన పుస్తకంలో. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. పన్నెండేళ్ల తర్వాత, 1909లో రెండో కూర్పు వచ్చింది. రెండు కూర్పులకూ గురజాడ వేర్వేరుగా పీఠికలు రాశాడు, రెండూ ఇంగ్లీషులోనే. మొదటి పీఠిక బలమంతా ఒక జాబితాలో ఉంది. విజయనగరం మహారాజా ఆనంద గజపతి తయారు చేయించిన ఆ జాబితా ప్రకారం విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో లెక్కకు వచ్చిన శుల్క వివాహాలు 1,034. పెళ్లినాటికి ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ పసిగుడ్డుల ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. పిల్లను అమ్ముకున్నామని ఒప్పుకోవడానికి జనం వెనకాడతారు కనుక ఈ జాబితా సంపూర్ణం కాదని కూడా గురజాడ అక్కడే చెప్పాడు. ఈ ఆచారాన్ని ఎండగట్టడం కంటే సాహిత్యానికి గొప్ప పని లేదన్న అర్థంలో ఒక వాక్యం ఆ పక్కనే ఉంది. పేరు మార్చే పరీక్ష పెడితే ఆ గొప్ప వాక్యం ఆనాటి ఏ సంస్కర్తకైనా అతుకుతుంది. వీరేశలింగానికి ఇంకా బాగా అతుకుతుంది. ఏడాది పిల్లలు ముగ్గురన్న లెక్క మాత్రం కన్యాశుల్కం నుంచి ఊడిరాదు.

1909 పీఠికకు వచ్చేసరికి మార్పు చూడండి. నాటకం అప్పటికి ఐదంకాల నుంచి ఏడంకాలకు పెరిగింది, దాదాపు కొత్త నాటకమే అయింది. నాటకం ఎందుకు రాశానన్న మాట మాత్రం ఒకే వాక్యానికి దిగింది: సంఘసంస్కరణకు తోడ్పడటం, తెలుగు భాష రంగస్థలానికి పనికిరాదన్న దురభిప్రాయాన్ని ఎదుర్కోవడం. పీఠిక మొత్తం పొట్టిదయిందని కాదు. వాడుకభాష వివాదం మీద గురజాడకు చెప్పవలసింది చాలా ఉంది, చెప్పాడు. కానీ తన ఉద్దేశం దగ్గర పేజీలు ఖర్చు చేయలేదు. మొదటి పీఠికలో సంస్కరణ ముందు నడిచింది, వాడుకభాషను ఎందుకు ఎంచుకున్నాడన్న వివరణ దాని వెనక వచ్చింది. రెండోసారి ఆ రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కన నిలబడ్డాయి. పన్నెండేళ్లలో తన నాటకం ఏం చేసిందో చూసిన మనిషి రాసిన వాక్యం అది. సంస్కరణ అన్న సగం ఎవరికైనా అతుకుతుందేమో గానీ, తెలుగు రంగస్థలానికి పనికిరాదన్నవాళ్లతో నాటకమే రాసి వాదించిన సగం గురజాడది. ఆ రెంటినీ కలిపితే ఆ వాక్యం ఇంకెవరికీ అప్పివ్వలేనిది.

అలాగని ఇలా ఎప్పటికప్పుడు మార్చుకోవడం అవకాశవాదం కాదా అని అడగవచ్చు. ఒకసారి ఒక ఉద్దేశంతో రాశానని, మరోసారి మరో ఉద్దేశం కూడా ఉందని చెప్పేవాడిని ఎలా నమ్మాలి? న్యాయమైన అనుమానమే. కానీ రచయిత ఉద్దేశం రాసేముందు పూర్తిగా తయారై ఉండి, పుస్తకం దాన్ని మోసుకొస్తుందని అనుకుంటేనే ఈ అనుమానం నిలుస్తుంది. నిజానికి పని చేసేకొద్దీ ఉద్దేశం తేటపడుతుంది, కొన్నిసార్లు దారి మళ్లుతుంది. పదేళ్ల కిందట రాసుకున్న ‘నా మాట’నే ప్రతి కొత్త పుస్తకానికీ ప్రతి దరఖాస్తుకూ నాలుగు విశేషణాలు కలిపి పంపేవాడి నిజాయతీ నాకు ఎక్కువ అనుమానాస్పదంగా కనిపిస్తుంది. మార్పు దాచనక్కర్లేదు. పాత పీఠికను పాత తేదీతో ఉంచి, కొత్తదాన్ని కొత్త తేదీతో రాస్తే సరిపోతుంది.

పొట్టి మాట మనకు పాశ్చాత్యుల ఫారాల నుంచి వచ్చిందనుకోవడం కూడా తప్పు. మన కావ్యాల అవతారికలు పొడవైనవే. దేవతాస్తుతి, పూర్వకవి స్తుతి, కుకవి నింద, కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు అన్నీ దాటాక గానీ కథ మొదలవదు. నేటి మన ‘నా మాట’ల ఊరేగింపుకు పూర్వీకులు అక్కడే ఉన్నారు, కృతిపతి స్థానంలో ఆవిష్కర్త వచ్చాడంతే. అయినా ఆ పొడవు మధ్యలోనే పోతన తన భాగవత రచన గురించి చెప్పవలసినదంతా ఒక కంద పద్యంలో చెప్పాడు. చెప్పేదేమిటి, చెప్పించేవాడెవరు, చెబితే ఒరిగేదేమిటి, అందువల్ల తన నిర్ణయమేమిటి. నాలుగు పాదాలు, 64 మాత్రలు. నేటి ఫెలోషిప్ ఫారాల్లో ‘అంశం, ప్రేరణ, ఫలితం’ అని అడిగే గళ్లన్నీ అందులో నిండాయి. పైగా ఒక నిర్ణయం కూడా ఉంది: ఇక వేరే కథ చెప్పను అన్నది. ఆ నాలుగో పాదమే నన్ను ఎక్కువ ఆకట్టుకుంటుంది. ఏం చేస్తానో చెప్పేవాళ్లు చాలామంది. ఏం చేయనో చెప్పినప్పుడే మాటకు అంచు వస్తుంది. అవతారిక అంతా పూర్తిగా గుర్తున్నవాళ్లు పండితులు, ఆ కందం గుర్తున్నవాళ్లు ఊరూరా ఉన్నారు.

రావిశాస్త్రి ఇంకా ముందుకెళ్లాడు. తాను రాస్తున్నది ఏ మంచికి హాని చేస్తుందో, ఏ చెడ్డకు మేలు చేస్తుందో రచయిత ప్రతివాడూ ఆలోచించుకోవాలన్న ఆయన మాట తెలుగు సభల్లో అరిగిపోయేంత వాడారు. ఈ ఒక్క వాక్యానికీ పేరు మార్చే పరీక్ష పెట్టి చూద్దాం. పైకి నీతివాక్యంలా ఉంది, ఎవరైనా అనేదే అనిపిస్తుంది. కాస్త ఆగి చూస్తే దాని నిర్మాణం తెలుస్తుంది. మంచికి మేలు చేయాలని ఆయన అనలేదు. ఆ మాట అనడం తేలిక, నిరూపించడం ఎవరి తరమూ కాదు. తెలియకుండా చెడ్డకు సాయపడే ప్రమాదం గురించి అన్నాడు. ఇది కోర్టుల్లో వాదించిన వకీలు జాగ్రత్త, సారా కాంట్రాక్టర్లూ పోలీసులూ ప్లీడర్లూ సాక్షులూ కలిసి నడిపే వ్యవహారాన్ని ‘ఆరు సారా కథలు’గా రాసినవాడి జాగ్రత్త. చెప్పిన మాట చిన్నది గనుకనే దాన్ని పట్టుకుని ఆయన కథలు ఒక్కొక్కటే పరీక్షించవచ్చు. ఐదు పేజీల ‘నా మాట’తో అలా చేయలేం. ఎక్కడ పట్టుకున్నా జారిపోతుంది.

ఉల్టా ఉదాహరణ కావాలంటే ఇంగ్లండు వెళ్లాలి. 1798లో వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్‌లు పేర్లు వేసుకోకుండా ‘లిరికల్ బాలడ్స్’ తెచ్చినప్పుడు ముందు ఒక చిన్న ప్రకటన మాత్రమే ఉంది. మధ్యతరగతి, కిందితరగతి జనం మాట్లాడుకునే భాష కవిత్వానికి ఎంతవరకు పనికొస్తుందో చూడటానికి చేసిన ప్రయోగాలివి అన్నది దాని సారాంశం. ప్రయోగం అన్నారు కనుక ఫలించకపోయినా పరవాలేదు. 1800 కూర్పుకు వర్డ్స్‌వర్త్ పొడవైన పీఠిక రాశాడు, 1802లో దాన్ని ఇంకా పెంచాడు. ప్రయోగం సిద్ధాంతమైంది. ఆ పీఠిక విమర్శ చరిత్రలో గొప్ప రచన, అందులో సందేహం లేదు. కానీ కవిత్వం మీద దాడి చేయదలచినవాళ్లకు కవితల కంటే ముందు పీఠికే చేతికందింది. చివరికి 1817లో ‘బయోగ్రఫియా లిటరేరియా’లో స్వయంగా కోల్‌రిడ్జే, సిద్ధాంతం చెప్పినదానికీ వర్డ్స్‌వర్త్ మంచి కవితలు చేసినదానికీ పొంతన లేదని వివరంగా చూపాడు. స్నేహితుడి చేత ఇలా అనిపించుకోవడం ఎవరికైనా కష్టమే. తన పని గురించి పని కంటే ఎక్కువ చెప్పుకుంటే ఆ ఎక్కువకు జవాబుదారీ కూడా తనదే అవుతుంది.

ఇంతకీ మాట ఎందుకు ఉబ్బుతుంది? బద్ధకం వల్ల కాదు, భయం వల్ల. ఎదుట ఉన్నది పాఠకుడు కాక న్యాయనిర్ణేత అన్న ఊహే చాలు, రాసేవాడు తన పని వదిలేసి హోదా గురించి రాస్తాడు. అలీక్స్ రూల్, డేవిడ్ లెవీన్ అనే ఇద్దరు 2012లో ‘ట్రిపుల్ కెనోపీ’ అన్న పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఇ-ఫ్లక్స్ అనే సంస్థ 1999 నుంచి ప్రపంచమంతా పంపుతూ వచ్చిన కళాప్రదర్శనల ప్రకటనలను కంప్యూటర్ సాయంతో వడపోసి, వాటిలో వాడుతున్నది మామూలు ఇంగ్లీషు కాదనీ, దానికదే ఒక మాండలికమనీ చూపారు. ఆ మాండలికంలో ఏ కళాఖండమూ ఊరికే ఉండదు. ప్రశ్నిస్తుంది, తిరగరాస్తుంది, ధిక్కరిస్తుంది, హద్దులు చెరిపేస్తుంది. తెలుగులో మనకూ అలాంటి కోశం ఒకటి తయారైంది. అస్తిత్వ వేదన, అంతర్మథనం, మూలాల్లోకి ప్రయాణం, మట్టి పరిమళం, గుండె తడి, సంప్రదాయానికీ ఆధునికతకూ మధ్య వారధి. వీటిలో కొన్ని ఒకప్పుడు ఎవరో చెమటోడ్చి సంపాదించిన మాటలే. అస్తిత్వం అన్న మాట వెనక దళిత, బహుజన, ముస్లిం రచయితల నిజమైన పోరాటముంది. వాడగా వాడగా అది దరఖాస్తు ఫారంలో నింపే మాటయింది. ఆ పోరాటం చేసినవాళ్లకే ఇది ఎక్కువ నష్టం. వాళ్ల మాట కూడా ఇప్పుడు అందరి మాటలా వినబడుతుంది.

ఒక ఊహాచిత్రకారుణ్ణి తీసుకుందాం. చేర్యాల నకాశీ పద్ధతి నేర్చుకుని నగరంలో పనిచేస్తున్నాడనుకోండి. అతని మొదటి ప్రకటన బహుశా ఇలా ఉంటుంది: ‘నా చిత్రాలు గ్రామీణ జీవన మూలాలను అన్వేషిస్తూ, కనుమరుగవుతున్న జానపద సంపదను సమకాలీన దృష్టికోణంలో పునర్నిర్వచిస్తూ, సంప్రదాయానికీ ఆధునికతకూ మధ్య వారధి నిర్మిస్తాయి.’ దీన్ని పట్టచిత్రకారుడికైనా, కొండపల్లి బొమ్మలు చేసేవాడికైనా, ఫ్యాషన్ డిజైనర్‌కైనా ఇవ్వవచ్చు. ఇదే మనిషి ఇలా రాశాడనుకుందాం: ‘ఖాదీ గుడ్డకు చింతగింజల పిండీ సుద్దమట్టీ జిగురూ కలిపి పూస్తాను. నేల రంగు ఎరుపే. పటాన్ని గళ్లుగా విభజించి వరసగా కథ చెప్పే పాత పద్ధతి మార్చలేదు. మార్కండేయ పురాణం ఉండే గళ్లలో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబం ఏడాది పొడవునా మారిన గదులు గీశాను. పటం విప్పి కథ చెప్పే కళాకారులు ఇప్పుడు తక్కువ. అందుకని కథకుడు లేకుండానే గళ్ల వరస అర్థమవుతుందా అన్నది నేను చూడాలనుకున్నది.’ మొదటిదాని కంటే రెండోది పొడవు, గమనించారా? కుదించడమంటే పదాలు తగ్గించడమే అనుకునేవాళ్లు ఇక్కడ ఆగాలి. మొదటి వాక్యం వంద మందిది, రెండోది ఒక్కడిది. వంద మందిది కొట్టేస్తే ఒక్కడికి చోటు దొరికింది. ఇక దాన్నే తగ్గించమంటే ఏది మిగలాలో కూడా స్పష్టమే. ఎరుపు నేల పోవచ్చు, చింతగింజలు పోవచ్చు, కథకుడు లేకుండా పటం నడుస్తుందా అన్న ప్రశ్న పోకూడదు.

ఇలా కుదించే క్రమం గురించి ఒక్క మాట. ఐదు పేజీలను రెండుకు, రెండింటిని ఒకటికి కత్తిరించుకుంటూ పోతే చివరికి మిగిలేది అతుకుల బొంత. వాక్యాలు చిక్కుతాయి గానీ ఆలోచన చిక్కబడదు. ఉన్నదంతా పక్కన పెట్టి, ఏమీ చూడకుండా ఒకే వాక్యం రాయడం మంచిది. ఆ వాక్యం బయటపడటానికి వారం పట్టినా ఫర్వాలేదు. దాన్నుంచి మళ్లీ పైకి, నూటయాభై పదాలకు రావాలి. అప్పుడు చేరేవి సామగ్రి, పద్ధతి, పెట్టుకున్న షరతు, వదిలేసిన దారి. బాల్యం దానంతట అది చేరదు. చేరితే అవసరం ఉండే చేరుతుంది. కృతజ్ఞతలు ఎలాగూ చెప్పాలి, దానికి విడిగా ఒక పేజీ ఉంది. ప్రభావం చూపినవాళ్ల పేర్లు మాత్రం నిర్దాక్షిణ్యంగా తీసేయవలసిందే. శ్రీశ్రీ ప్రభావం నామీద ఉంది అంటే పాఠకుడికి శ్రీశ్రీ కనబడతాడు, మీరు కనబడరు.

ఇప్పుడు గట్టి అభ్యంతరానికి వద్దాం. రచనే మాట్లాడాలి, రచయిత మాట్లాడకూడదన్నది. దీన్ని గౌరవించాలి. పుస్తకం పాఠకుడి చేతిలో ఉన్నప్పుడు ‘నా మాట’ లేకపోయినా లోటు లేదు, చాలా పుస్తకాలకు అది లేకపోతేనే మేలు. కానీ దరఖాస్తు వేళ ఎంపిక సంఘం ముందు రచన ఉండదు, రచన గురించిన మాటే ఉంటుంది. ప్రదర్శనకు వచ్చినవాళ్లు బొమ్మ కంటే ముందు పక్కనున్న అట్టముక్క చదువుతారు. అదీకాక మౌనంగా ఉన్నా చదివించుకోగలిగే హక్కు పేరు సంపాదించినవాళ్లకే దక్కుతుంది. మాటకు బదులు చేత కూడా కావచ్చునని మన దిగంబర కవులు చూపారు. 1965లో తమ మొదటి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి వేళ ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. వాళ్ల ప్రకటనల్లో అక్షరాలకు కొదవ లేదు, ఆవేశానికి అసలే లేదు. అరవై ఏళ్ల తర్వాత జనం చెప్పుకునేది ఆ ఆవిష్కరణనే. కవిత్వం ఎవరి చేతుల మీదుగా రావాలన్న ప్రశ్నకు అంత పొట్టి జవాబు తెలుగులో ఇంకొకటి ఉందనుకోను.

పొడవైన పీఠికలే సాహిత్యమైన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. ‘మహాప్రస్థానం’కు చలం 1940లో రాసిన ‘యోగ్యతా పత్రం’ లేకుండా 1950లో వచ్చిన ఆ పుస్తకాన్ని ఊహించలేం. ‘ఆండ్రోక్లిస్ అండ్ ది లయన్’కు బెర్నార్డ్ షా రాసిన ముందుమాట నాటకం కంటే పెద్దది. అయితే చలం రాసింది శ్రీశ్రీ గురించి, తన గురించి కాదు. తన కవిత్వం గురించి శ్రీశ్రీయే అన్ని పేజీలు రాసుకుని ఉంటే ఎంత ఇబ్బందిగా ఉండేదో ఆలోచించండి. షా క్రైస్తవం గురించి వాదించాడు, తన కళ గురించి కాదు. విడిగా నిలబడగల వ్యాసం ఎంత పొడవైనా ఉండనీయండి, దానికి వ్యాసమని పేరు పెట్టండి. మనం మాట్లాడుతున్నది పని పక్కన నిలబడే మాట గురించి.

కుదించే పని యంత్రానికి అప్పగించే అలవాటు కొత్తగా వచ్చింది. ఐదు పేజీలు ఇస్తే కృత్రిమ మేధ క్షణంలో వంద పదాలు చేసి ఇస్తుంది, తప్పుల్లేకుండా. దానితో గొడవ ఒక్కటే. వేలమంది రాసినవి చదివి నేర్చుకున్నది కనుక అది వేలమందికీ సరిపోయేదాన్నే ముందుగా ఎంచుతుంది, అంటే మనం కొట్టేయవలసినదాన్ని జాగ్రత్తగా దాచిపెడుతుంది. పైగా మీరు రాయకుండా వదిలేసినది దానికి తెలియదు. అక్షరదోషాలు దిద్దించుకోండి, ఎంపిక మాత్రం మీరే చేసుకోండి.

నాకు అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఈ ప్రకటనల వ్యవహారమంతా చదువుకున్నవాళ్లకు, అందులోనూ ఇంగ్లీషులో చదువుకున్నవాళ్లకు అనుకూలం. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే మనిషి, చేర్యాలలో పటం గీసే మనిషి బొమ్మ వేయగలరు గానీ ‘ఆర్టిస్ట్ స్టేట్‌మెంట్’ ఎక్కడ రాస్తారు? ఇది నిజం, దీన్ని వాదనతో కొట్టిపారేయలేం. కానీ వాళ్లను బయట నిలబెడుతున్నది ఏమిటో చూడాలి. పొట్టిగా, పని గురించి చెప్పమనడం కాదు, ఆ ఉబ్బిన మాండలికమే. కలంకారీ కళాకారుడిని తన పని గురించి అడిగితే గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ఎందుకు ముంచాలో, బెల్లం, తుప్పుపట్టిన ఇనుము నానబెట్టిన ద్రావణంతో గీసిన గీత ఎలా నల్లబడుతుందో, పటిక పూసిన చోటే ఎరుపు ఎలా పట్టుకుంటుందో, పురాణ ఘట్టాల్లో ఏది మధ్యలో పెద్దగా వేయాలని తాను నిర్ణయించుకున్నాడో పది నిమిషాల్లో చెబుతాడు. అందులో వృథా వాక్యం దొరకదు. లలితకళల్లో పట్టా పుచ్చుకున్న యువకుడు అదే పని చేయడానికి ముందు నేర్చుకున్నదాన్ని మరిచిపోవాలి. పోటీ ఈ నియమాల మీద నడిస్తే గెలుపు ఎవరిదో చెప్పడం కష్టమేమీ కాదు.

అందుకు ఫారాలు మారాలి. కేంద్ర, రాష్ట్ర అకాడమీలూ సాంస్కృతిక శాఖలూ కళల ఫౌండేషన్లూ పదాల పరిమితి పెడుతున్నాయి, మంచిదే. ఆ పరిమితిలోపల ‘మీ కళాదృక్పథాన్ని వివరించండి’ అని అడిగితే దృక్పథమే వస్తుంది, పని రాదు. ఏ సామగ్రితో చేశారు, ఏ షరతు పెట్టుకున్నారు, దేన్ని వదిలేశారు అని తెలుగులో అడగాలి. తెలుగులోనే జవాబు తీసుకోవాలి. రాయలేనివాళ్లు ఫోన్‌లో రికార్డు చేసి పంపితే దాన్నే దరఖాస్తుగా లెక్కించాలి, అనువాదం ఖర్చు సంస్థ భరించాలి. పుస్తకాల విషయంలో ప్రచురణకర్తలు ఇంత దూరం రానక్కర్లేదు. ‘నా మాట’కు ఒక్క పేజీకి మించి ఇవ్వబోమని, దాని కింద తేదీ వేయాలని, మలి ముద్రణకు మళ్లీ రాయాలని రచయితకు ముందే చెబితే చాలు.